సైనికుని దస్త్రంలో ఒక తప్పు

గత సంవత్సరం ప్రవేశాల రోజులలో ఒక వృద్ధుడు మా తెలుగు శాఖ గదికి వచ్చారు. మనుమరాలిని బి.ఏ.లో చేర్పించి, ఫీజు కట్టి, రసీదు జేబులో భద్రపరచుకొన్నాక కూడా వెళ్ళిపోకుండా మా బల్ల ఎదుట నిలబడ్డారు. కూర్చోమన్నాము. "సాబ్, మీరు తెలుగు సారు గదా, ఒక అర్జీ రాసి పెట్టాలి" అన్నారు. సైన్యంలో పదిహేడేళ్ళు లారీ నడిపిన మనిషి. గుడ్డసంచిలోంచి తీసిన డిశ్చార్జి పుస్తకంలో భార్య పేరు ఖాజాబీ అని ఉన్నది. ఆధార్ కార్డులో అదే మనిషి ఖ్వాజా బేగం. "నేను ఉన్నన్నాళ్ళు పింఛను నాకు వస్తుంది సాబ్. నేను పోయిన మర్నాడు ఈ కాగితాల లెక్కన ఆమె నాకేమీ కాదు" అన్నారు.

అర్జీ రాసి ఇచ్చాము. తెలుగు సారు రాసినా ఆ అర్జీ ఇంగ్లీషులోనే ఉండవలసి వచ్చింది. అది వేరే సంగతి. ఆ సాయంత్రం నుంచి సైనిక దస్త్రాలలో తప్పులు ఎట్లా పడతాయి, పడినవి ఎట్లా దిద్దబడతాయి అనే విషయం మమ్మల్ని వదలలేదు. దొరికినంత మేరకు చదివాము. ఈ విషయంలో చట్టమూ, చరిత్రా విపులంగా ఉన్న దేశం అమెరికా కాబట్టి ముఖ్యంగా అక్కడి సంగతులే ఇక్కడ విద్యార్థుల ముందు ఉంచుతున్నాము.

సైనికుడు చేరిన దినం నుంచి విడుదలైన దినం దాకా అతని వెంట ఒక దస్త్రం నడుస్తుంది. పుట్టిన తేదీ, ఊరు, పనిచేసిన దళాలు, గాయాలు, శిక్షలు, పతకాలు, చివరికి ఏ స్థితిలో సైన్యం విడిచాడన్నది, అన్నీ అందులో ఉంటాయి. అమెరికాలో 1950 నుంచి విడుదల సమయంలో ఈ దస్త్రపు సారాంశాన్ని ఒక పత్రంగా ఇస్తున్నారు. దాని పేరు డి.డి. 214. ఇల్లు కట్టుకోవడానికి ఋణం, చదువుకు సాయం, ఆసుపత్రిలో చికిత్స, చివరకు సైనిక లాంఛనాలతో అంత్యక్రియలు, వీటన్నిటికీ ఈ పత్రమే ఆధారం. అందులో లేని యుద్ధం ఆ మనిషి చేయనట్లే. అందులో లేని గాయం అతని ఒంటిమీద ఉన్నా లేనట్లే.

తప్పు పడడానికి ఎవరి దుర్బుద్ధీ అక్కరలేదు. పర్పుల్ హార్ట్ అనే పతకాన్ని చూడండి. శత్రువు చేతిలో గాయపడిన సైనికునికి ఇచ్చేది. అయితే గాయపడితే చాలదు; ఆ గాయానికి వైద్యాధికారి చికిత్స చేసి ఉండాలి, ఆ చికిత్స అధికారికంగా నమోదై ఉండాలి. కందకంలో పక్కవాడు కట్టు కట్టగా మళ్ళీ తుపాకి పట్టినవాడికి సాక్ష్యం ఏది? కొన్ని పతకాల విషయంలో ఇంకొక విచిత్రం ఉన్నది. రెండవ ప్రపంచ యుద్ధంలో పోరాటంలో పాల్గొన్న పదాతి సైనికునికి ఇచ్చే కంబాట్ ఇన్‌ఫాంట్రీమన్ బ్యాడ్జి పొందినవారు బ్రాంజ్ స్టార్‌కు కూడా అర్హులేనని 1947లో నిర్ణయించారు. అప్పటికి వారిలో ఎందరో ఇళ్ళు చేరి పొలాలలోనూ, కర్మాగారాలలోనూ పనిచేసుకొంటున్నారు. వారి విడుదల కాగితాలు అంతకు ముందే తయారైపోయినవి. తమకు ఒక పతకం రావలసి ఉన్నదని తెలియకుండానే ముసలివారైనవారు ఉన్నారు.

1946కు ముందు అమెరికాలో సైనిక దస్త్రంలో దిద్దుబాటు కావాలంటే కాంగ్రెసు సభ్యుణ్ణి ఆశ్రయించి, ఒక్కొక్క మనిషి పేరిట ఒక్కొక్క ప్రత్యేక బిల్లు పెట్టించుకోవలసి వచ్చేది. ఒక దేశపు శాసనసభ ఒక సిపాయి పుట్టినతేదీ గురించి చర్చించడం ఎంతకాలం సాగుతుంది? 1946లో శాసనసభా వ్యవహారాల పునర్వ్యవస్థీకరణ చట్టం చేసినప్పుడు అటువంటి బిల్లులను నిషేధించి, ఆ పనిని సైనిక శాఖలకు అప్పగించారు. అట్లా ఏర్పడినవే సైనిక దస్త్రాల దిద్దుబాటు బోర్డులు. వీటిలో కూర్చొనేవారు యూనిఫారం వేసుకొన్నవారు కారు, పౌర ఉద్యోగులు. ఇది ఆలోచించి చేసిన ఏర్పాటు.

ఆ చట్టంలోని మాటలలో భాషాధ్యాపకులుగా మమ్మల్ని ఆకర్షించినది ఒకటున్నది. బోర్డు చేయవలసినవి రెండు పనులుగా చెప్పారు: తప్పును సరిదిద్దడం, లేక అన్యాయాన్ని తొలగించడం. రెండూ ఒకటి కావు. పేరులో అక్షరం మారితే తప్పు. అక్షరాలన్నీ సరిగా ఉండి, నియమాలన్నీ పాటించి కూడా మనిషికి జరగరానిది జరిగితే అన్యాయం. కాగితంలో తప్పు లేకపోయినా అన్యాయం ఉండవచ్చునని ఒక చట్టం ఒప్పుకోవడం చిన్న విషయం కాదు.

అయితే దారి సుగమం కాదు. దరఖాస్తుకు డి.డి. 149 అనే ప్రత్యేక పత్రం ఉన్నది. తప్పు కనుగొన్న మూడేళ్ళలోపల దాఖలు చేయాలి. న్యాయం కోసం అవసరమనుకొంటే బోర్డు ఆ గడువును మన్నించవచ్చును. అంతకు ముందు కింది కార్యాలయాలలో ఉన్న మార్గాలన్నీ ప్రయత్నించి ఉండాలి. అన్నిటికంటె కఠినమైనది రుజువు. కార్యాలయం తన పని సక్రమంగానే చేసిందని బోర్డు మొదట భావిస్తుంది. కాదని నిరూపించవలసిన భారం దరఖాస్తుదారునిదే. (దస్తావేజు, దరఖాస్తు, దాఖలా, ఫిర్యాదు, రుజువు, తారీఖు: కచేరీ గుమ్మం తొక్కిన తెలుగువాడి నోట వచ్చే మాటలన్నీ ఫారసీ, అరబ్బీల నుంచి ఉర్దూ చేయి పట్టుకొని వచ్చినవే. మన కళాశాలలో ఈ మాట చెప్పకుండా ఉండలేము.)

మరి రుజువు దాచిన ఇల్లే కాలిపోతే?

1973 జూలై 12వ తేదీ, అర్ధరాత్రి దాటిన కొద్దిసేపటికి, మిస్సోరి రాష్ట్రంలో సెయింట్ లూయిస్ నగరం పక్కన ఉన్న సైనిక దస్త్రాల కేంద్రంలో ఆరవ అంతస్తున నిప్పు అంటుకొన్నది. దస్త్రాలు ఉంచిన ఆ అంతస్తులో మంటలు రాగానే నీరు చిమ్మే గొట్టాలు లేవు. మంటలు అదుపులోకి రావడానికి సుమారు ఇరవైరెండు గంటలు పట్టింది. పూర్తిగా ఆరడానికి రోజులు పట్టింది. 160 నుంచి 180 లక్షల మంది దస్త్రాలు నశించాయి. 1912 నవంబరు నుంచి 1960 జనవరి 1 లోపల విడుదలైన పదాతి తదితర భూసైనికుల దస్త్రాలలో నూటికి ఎనభై పోయినవి. రెండు ప్రపంచ యుద్ధాలు, కొరియా యుద్ధం, అన్నీ ఆ లెక్కలోకి వస్తాయి. వాటికి నకళ్ళు లేవు, సూక్ష్మచిత్రాలు లేవు, పోయినవి ఎవరెవరివో చెప్పే సూచిక కూడా లేదు.

మంట తినని కాగితాలను నీరు తడిపింది. వేసవి ఉక్కలో తడి కాగితం బూజుపట్టడానికి ఎంతసేపు? ఆ నగరంలోనే ఉన్న మెక్‌డొనెల్ డగ్లస్ విమాన సంస్థలో, అంతరిక్ష నౌకలను పరీక్షించడానికి కట్టిన గాలిలేని పెద్ద గది ఒకటి ఉన్నది. తడిసిన దస్త్రాలను అందులోకి చేర్చి ఆరబెట్టారు. అంతరిక్ష యాత్రికుల కోసం కట్టిన గది పాత సిపాయిల కాగితాలకు ప్రాణం పోసింది. ఇట్లా సుమారు 65 లక్షల దస్త్రాలు, అంచులు మాడినవీ మరకలు పడినవీ, మిగిలాయి.

పోయినవాటి స్థానంలో ఇతర కార్యాలయాలలో చెదురుమదురుగా ఉన్న కాగితాలను వెతకసాగారు. చివరి జీతపు చీటీలు, దళాలలో ప్రతి ఉదయం రాసే హాజరు నివేదికలు, వైద్య సాయానికి పెట్టుకొన్న పాత దరఖాస్తులు, ఇవన్నీ పనికివచ్చాయి. జీతపు చీటీ సైనికుడు ఎప్పుడు, ఏ స్థితిలో సైన్యం విడిచాడో చెబుతుంది. అతడు ఏ గుట్ట మీద ఏమి చేశాడో చెప్పదు. అందుకే ఇంట్లో పెట్టె అడుగున దాచుకొన్న ఒక ఉత్తరమో, ఛాయాచిత్రమో, తోటి సైనికుని ప్రమాణ పత్రమో ఎంతో విలువైనదైపోయింది.

గార్లిన్ కానర్ కథ ఇక్కడ చెప్పాలి. కెంటకీ రాష్ట్రంలో ఒక పల్లెకు చెందిన రైతు యువకుడు. 1941లో సైన్యంలో చేరాడు. 1945 జనవరి 24న, ఫ్రాన్సులో హూసెన్ అనే ఊరి దగ్గర జర్మనులు సుమారు 600 మంది సైనికులతో, ఆరు ట్యాంకులతో విరుచుకుపడ్డారు. కానర్ అప్పటికి తుంటికి తగిలిన గాయంతో ఆసుపత్రిలో ఉండి దళానికి తిరిగి వచ్చినవాడు. టెలిఫోను తీగ చుట్ట పట్టుకొని తన దళం కంటె ముందుకు పరుగెత్తి, లోతులేని ఒక గుంటలో పడుకొని, మూడు గంటలపాటు ఫిరంగులకు గురి చెబుతూ ఉండిపోయాడు. శత్రువులు మరీ దగ్గరకు వచ్చినప్పుడు తానున్న చోటి మీదికే ఫిరంగి గుళ్ళు కురిపించమన్నాడు. దాడి తిరిగిపోయింది. మనిషి బ్రతికాడు.

అతనికి రెండవ మెట్టు పురస్కారమైన డిస్టింగ్విష్డ్ సర్వీస్ క్రాస్ ఇచ్చారు. ఇవి కాక నాలుగు సిల్వర్ స్టార్లు ఉన్నాయి. ఇంటికి వచ్చి, పెళ్ళి చేసుకొని, పొగాకు పండించుకొంటూ, యుద్ధం ఊసెత్తకుండా బ్రతికాడు. పతకాలు ఒక సంచిలో పడి ఉన్నాయి. 1990లలో మరొక మాజీ సైనికుడు, యుద్ధంలో చనిపోయిన తన మేనమామ వివరాలు తెలుసుకోవాలని ఆ ఇంటికి వచ్చాడు. అప్పటికి కానర్ జబ్బుపడి సరిగా మాట్లాడలేని స్థితిలో ఉన్నాడు. ఆ సంచిలోని కాగితాలు, పతకాలు చూసి వచ్చినవాడు నివ్వెరపోయాడు. ఇతనికి అత్యున్నతమైన మెడల్ ఆఫ్ ఆనర్ రాకపోవడం పొరపాటన్నాడు. అడగనివాని తరఫున అడగడం అట్లా ఆరంభమైంది.

1997లో దిద్దుబాటు బోర్డు కాదన్నది. 1998లో కానర్ మరణించాడు. 2000లో మళ్ళీ కాదన్నది. ఆ తరువాత హూసెన్ పోరును కళ్ళారా చూసిన ముగ్గురి ప్రమాణ పత్రాలు దొరికాయి. వాటితో తిరిగి అడిగినా ఫలితం లేకపోయింది. భార్య పాలీన్ ఫెడరల్ కోర్టుకు వెళ్ళింది. 2014లో న్యాయమూర్తి కానర్ సేవను కొనియాడుతూనే, గడువు దాటిందని దావా కొట్టివేశారు. పై కోర్టులో అప్పీలు పడ్డాక ఇరుపక్షాల మధ్య రాజీ చర్చలు జరిగి విషయం మళ్ళీ బోర్డు ముందుకు వచ్చింది. 2015లో బోర్డు అనుకూలంగా సిఫారసు చేసింది. 2018 జూన్ 26న వైట్ హౌస్‌లో ఆ పతకాన్ని పాలీన్ చేతికి ఇచ్చారు. మొదటి దరఖాస్తుకూ దీనికీ మధ్య ఇరవై సంవత్సరాలకు పైగా గడిచాయి.

ఇది తగిన గౌరవం తక్కువగా దొరికినవాని కథ. ఉన్న గౌరవమే ఊడదీసినవారి కథ మరొకటి. 1906 ఆగస్టులో టెక్సాస్‌లోని బ్రౌన్స్‌విల్ పట్టణంలో ఒక రాత్రి కాల్పులు జరిగి ఒకరు చనిపోయారు. నింద అక్కడి కోటలో ఉన్న నల్లజాతి సైనికుల మీద పడింది. ఆ రాత్రి తమ మనుషులు బారకాసులలోనే ఉన్నారని తెల్లజాతి అధికారులు చెప్పినా సాగలేదు. ఒక్కరి మీదా విచారణ లేకుండా, "చేసినవారెవరో చెప్పడం లేదు" అనే కారణంతో అధ్యక్షుడు థియొడర్ రూజ్‌వెల్ట్ 167 మందిని గౌరవం లేకుండా సైన్యం నుంచి పంపివేశాడు. తెలియనివాడు ఏమి చెబుతాడు? కొద్దిమందిని తరువాత తిరిగి చేర్చుకొన్నారు. మిగిలినవారు ఆ మచ్చతోనే పోయారు. 1972లో సైన్యం వారందరి దస్త్రాలను దిద్ది, గౌరవపూర్వకమైన విడుదలగా మార్చింది. అప్పటికి ప్రాణాలతో ఉన్నవారిలో డోర్సీ విల్లిస్ ఒకడు. మిన్నియాపోలిస్ నగరంలో ఒక క్షౌరశాలలో దశాబ్దాలపాటు బూట్లు తుడిచి బ్రతికిన మనిషి. ఎనభై ఆరేళ్ళు నిండిన తరువాత అతని చేతికి ఆ పత్రం వచ్చింది. 25,000 డాలర్ల పరిహారం కూడా ఇచ్చారు. నిజంగా నేరస్థులెవరైనా ఉంటే ఒక్కొక్కరిని విచారించవలసింది. అందరినీ కలిపి శిక్షించడం ఎక్కడ జరిగినా మేము న్యాయమనలేము.

మన దేశంలోనూ కాగితం మనిషిని చంపిన సందర్భాలున్నవి. 1962 అక్టోబరులో పాంగాంగ్ సరస్సు ఒడ్డున సిరిజాప్ ఠాణాను కాపాడుతూ మేజర్ ధన్‌సింగ్ థాపా మరణించారని భావించి, పరమవీరచక్రను మరణానంతర పురస్కారంగా ప్రకటించారు. ఆయన చైనీయుల చేతిలో బందీగా ఉన్నారు. మరుసటి సంవత్సరం తిరిగి వచ్చి, 2005 వరకు జీవించారు. 1999లో కార్గిల్ యుద్ధానంతరం గ్రెనేడియర్ యోగేంద్రసింగ్ యాదవ్‌కు పరమవీరచక్రను మరణానంతరమని ప్రకటించారు. అదే పేరుగల మరొక సైనికుడు చనిపోగా ఈయన ఆసుపత్రిలో ఉన్నారు. షేక్ మస్తాన్లు పదిమంది ఉన్న ఊళ్ళలో పుట్టిన మనకు ఇది ఎట్లా జరిగిందో ఎవరూ వివరించనక్కరలేదు.

మన సైనికులు సేవా విషయాలలో ఒకప్పుడు హైకోర్టులకే పోవలసి వచ్చేది. 2007లో సాయుధ దళాల ట్రిబ్యునల్ చట్టం వచ్చింది. 2009లో ట్రిబ్యునల్ పని ఆరంభించింది. ప్రధాన పీఠం ఢిల్లీలోనూ, ప్రాంతీయ పీఠాలలో ఒకటి చెన్నైలోనూ ఉన్నాయి. అయితే అక్కడిదాకా పోకముందే, ఆ సైనికుని దళానికి చెందిన రికార్డు కార్యాలయానికి రాయడం మొదటి మెట్టు. మా గదికి వచ్చిన పెద్దమనిషి ఉన్నది ఆ మెట్టు మీదే.

మొదటి అర్జీకి జవాబు రాలేదు. రెండవదానికి, ఇద్దరూ ఒకరేనని మేజిస్ట్రేటు ముందు చేసిన ప్రమాణ పత్రం, నిఖానామా నకలు, ఇద్దరూ కలిసి దిగిన ఫోటో పంపమని జవాబు వచ్చింది. నిఖానామా ఉర్దూలో ఉన్నది కాబట్టి మా ఉర్దూ శాఖవారు అనువాదం చేసి పెట్టారు. అందులో వధువు పేరు మూడవ విధంగా ఉన్నది: ఖాజా బీ, రెండు మాటలుగా. మనుమరాలు ఇప్పుడు బి.ఏ. రెండవ సంవత్సరం చదువుతున్నది. మూడవ అర్జీ ఆమె స్వయంగా రాసింది. మేము రెండు చోట్ల మాత్రమే దిద్దాము. స్పీడు పోస్టు రసీదు తాతగారి గుడ్డసంచిలో ఉన్నది.