పనిలోని స్వస్థత

రోగికి విశ్రాంతి అవసరమన్నది అందరూ ఎరిగిన మాట. అయితే పని కూడా ఔషధమే అన్న విశ్వాసం పునాదిగా వెలసిన వైద్యశాఖ ఒకటి ఉంది. అదే ఆక్యుపేషనల్ థెరపీ. దీనిని తెలుగులో వృత్తి చికిత్స అని వ్యవహరిస్తారు. ఇక్కడ వృత్తి అంటే జీవనోపాధి మాత్రమే కాదు. స్నానం చేయడం, వంట చేయడం, చదువుకోవడం, ఆడుకోవడం మొదలైన దైనందిన కార్యాలన్నీ దీని పరిధిలోనివే.

ఈ భావనకు 18వ శతాబ్ది చివర ఐరోపాలో బీజం పడింది. ఆ రోజుల్లో మానసిక రోగులను గొలుసులతో బంధించేవారు. వారిని మానవులుగా ఆదరించాలని ఫ్రాన్సులో ఫిలిప్ పినెల్ బోధించాడు. ఇంగ్లండులో విలియం ట్యూక్ కృషి ఫలితంగా 1796లో యార్క్ రిట్రీట్ అనే చికిత్సాలయం ప్రారంభమైంది. అక్కడ రోగులు తోటపని, కుట్టుపని వంటివి చేసేవారు. కాని కాలక్రమంలో పలు మానసిక చికిత్సాలయాలు రోగుల శ్రమను తమ నిర్వహణకే వాడుకున్నాయి. రోగి మేలు విస్మరించినప్పుడు చికిత్స వెట్టిచాకిరీగా మారుతుందని ఈ చరిత్ర హెచ్చరిస్తున్నది.

1917 మార్చిలో అమెరికాలోని క్లిఫ్టన్ స్ప్రింగ్స్ పట్టణంలో కొందరు సమావేశమై ఈ వృత్తికి తొలి జాతీయ సంఘాన్ని స్థాపించారు. వారిలో ఒకరైన జార్జ్ బార్టన్ వాస్తుశిల్పి. క్షయతోను, పక్షవాతంతోను బాధపడిన ఆయన తోటపని, వడ్రంగం చేస్తూ కోలుకున్నాడు. మొదటి ప్రపంచ యుద్ధంలో గాయపడిన సైనికులకు నేత, బుట్టల అల్లిక, కొయ్యపని నేర్పడంతో ఈ చికిత్సకు ప్రాచుర్యం లభించింది.

20వ శతాబ్ది మధ్యకాలంలో దృష్టి మారింది. కండరాల బలం, కీళ్ళ కదలిక వంటి కొలతలకు ప్రాధాన్యం పెరిగింది. రోగి ఇష్టాయిష్టాలు మరుగున పడ్డాయి. 1961లో మేరీ రైలీ తన ప్రసంగంలో ఈ వృత్తి తన మూలసూత్రాన్ని మరువరాదని ఉద్బోధించింది. మనస్సు, సంకల్పం తోడైనప్పుడు మనిషి తన చేతులతోనే తన ఆరోగ్యాన్ని తీర్చిదిద్దుకోగలడన్నది ఆమె విశ్వాసం.

భారతదేశంలో ఈ విద్యకు ఆద్యురాలు కమలా నింబ్కర్. అమెరికాలో జన్మించి భారతదేశాన్ని తన దేశంగా చేసుకున్న ఆమె, 1950లో బొంబాయిలోని కె.ఇ.ఎం. ఆసుపత్రిలో శిక్షణ పాఠశాలను నెలకొల్పింది. 1952లో ఏర్పడిన ప్రపంచ సమాఖ్యలో భారతదేశం వ్యవస్థాపక సభ్యదేశాలలో ఒకటి.

నేటి చికిత్సకుడు రోగిని మొదట అడిగే ప్రశ్న, "మీరు తిరిగి ఏ పని చేయగోరుతున్నారు?" అన్నది. పక్షవాతం వచ్చిన ఒక వృద్ధురాలికి వాకిట ముగ్గు వేయాలన్న కోరిక ఉన్నదనుకుందాం. చేతిలో బంతిని వందసార్లు నొక్కమంటే ఆమెకు విసుగు కలుగవచ్చు. ముగ్గుపిండిని వేళ్ళ సందున సన్నగా జార్చడంలోనూ అదే వేళ్ళకు వ్యాయామం ఉంది. దానితోపాటు ఆనందమూ ఉంది. వంగలేనప్పుడు బల్లమీద పలక ఉంచి అభ్యాసం చేయించవచ్చు. శక్తికి తగినట్లు పనిని సులభతరం చేయడం, పరిసరాలను మార్చడం కూడా ఈ చికిత్సలో భాగమే.

రోగం తగ్గడమే ఆరోగ్యం కాదు. తనకు ప్రియమైన పనిని, కుటుంబంలోను సమాజంలోను తన స్థానాన్ని మనిషి తిరిగి పొందగలగాలి. రెండు శతాబ్దాలకు పైబడిన ఈ ప్రయాణం మనకు నేర్పుతున్న సత్యం ఇదే.