పాత లాప్‌టాపునకు వాక్కు వచ్చిన చరిత్ర

తార్నాక ప్రాంతమున నున్న, 1918లో స్థాపితమైన ఉస్మానియా విశ్వవిద్యాలయమును, దానిని ఆనుకొని 1958లో కేంద్రీయ ఆంగ్ల సంస్థగా పుట్టి నేడు ఆంగ్ల, విదేశీ భాషల విశ్వవిద్యాలయముగా ఎదిగిన విద్యాపీఠమును ఆశ్రయించిన విద్యార్థిలోకమునకు కంప్యూటరు చేతికే గాక చెవికిని పనికి రావలసిన వస్తువు. పరభాష నేర్చువానికి ఉచ్చారణ వినుటయే తొలి పాఠము. చూపు లేని పాఠకునకు తెరమీది అక్షరములను చదివి వినిపించు ఓర్కా, ఈస్పీక్ వంటి సాధనములే పుస్తకము. క్రొత్త యంత్రమును కొన శక్తి లేనివారు సికింద్రాబాదు పార్క్‌లేనులోని చెనాయ్ ట్రేడ్ సెంటరు వంటి చోట సెకండ్‌హ్యాండ్ లాప్‌టాపు నొకదానిని తెచ్చుకొని, నేటి విండోసును మోయలేని దానియందు పప్పీ, యాంటిఎక్స్, లుబుంటు వంటి తేలికపాటి లినక్సు నెక్కించుకొందురు. తెర వెలుగును, వైఫై కలియును, తెలుగు అక్షరములు చక్కగా కనబడును. శబ్దము మాత్రము కొన్ని యంత్రములలో రాదు. సౌండ్ పోయినదని, బోర్డు చెడినదని తీర్పు చెప్పుట అప్పుడు సులభము. కాని ఆ మౌనము తరచుగా యంత్రదోషము కాదు. యంత్రము లోపలి తీగెల పటము లినక్సునకు సరిగా అందకపోవుట దానికి ఒక ముఖ్య కారణము.

వ్యక్తిగత కంప్యూటరు తొలిదినములలో కూతపెట్టుట తప్ప పలుకుట ఎరుగదు. సింగపూరునందు సిమ్ వాంగ్ హూ స్థాపించిన క్రియేటివ్ సంస్థ 1989లో సౌండ్ బ్లాస్టరు కార్డును వెలువరించిన పిదప మాటయు పాటయు సామాన్యుని కంప్యూటరులో విరివిగా ప్రవేశించినవి. 1991లో ఫిన్లాండు విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ లినక్సును లోకమునకు విడుదల చేయగా, మరుసటి యేటనే ఆ దేశమువాడే యైన హన్ను సవొలైనెన్ సౌండ్ కార్డునకు డ్రైవరు వ్రాసెను. అది గొప్ప ఉపకారమే యైనను, సాధారణముగా ఒక ప్రోగ్రాము శబ్దద్వారమును పట్టుకొన్నచో రెండవది బయట నిలిచి యుండవలసి వచ్చెడిది. చెక్ దేశీయుడు యారోస్లావ్ కిసెలా గ్రావిస్ అల్ట్రాసౌండ్ అను కార్డు నుండి తాను కోరిన పని రాబట్టుటకై పూనుకొన్న ప్రయత్నము విస్తరించి, 1998 నాటికి ఆల్సా అను నూతన శబ్దవ్యవస్థ యయ్యెను. అది 2002లో లినక్సు మూలభాగమైన కెర్నెలు యొక్క అభివృద్ధి దశలోని రూపమునందు చేరి, 2003 డిసెంబరులో వెలువడిన 2.6 కెర్నెలుతో అందరికిని అందినది. తరువాతి కాలమున పల్స్‌ఆడియో, పైప్‌వైర్ అను పై అంతస్తులు లేచినవి గాని, నేటికిని అడుగున ఉండి హార్డ్‌వేరుతో మాటలాడునది ఆల్సాయే.

ఇక చిక్కు ఎచ్చట పుట్టినదో చూతము. 2004లో ఇంటెల్ సంస్థ హెచ్‌డీ ఆడియో అను ప్రమాణమును నెలకొల్పెను. అటుపిమ్మట దశాబ్దమునకు పైగా వచ్చిన లాప్‌టాపులలో అత్యధికభాగమునకు ఇదియే శబ్దమూలము. ఈ ప్రమాణము ననుసరించిన కోడెక్ అను చిన్న చిప్పునందు అంకెలను విద్యుత్తరంగములుగా మార్చు భాగము లుండును. ఆ తరంగములను వెలికి పంపు పిన్ను లుండును. ఏ పిన్ను స్పీకరునకు పోవునో, ఏది హెడ్‌ఫోను రంధ్రమునకు, ఏది మైకునకు పోవునో కోడెక్కు చేసినవానికి తెలియదు. అది లాప్‌టాపు కూర్చినవాని యిష్టము. కావున ప్రతి పిన్నునకును 32 బిట్ల వివరణ యొకటి ఏర్పరచి, యంత్రము మేల్కొనునపుడు బయాస్ అను తొలి ప్రోగ్రాము దానిని పూరింపవలెనని నియమించిరి. నియమము చక్కనిదే. కాని పెక్కు కంపెనీలు ఆ వివరణను అజాగ్రత్తగా పూరించి, తప్పులను తమ విండోసు డ్రైవరులో దిద్దుకొని ఊరకుండినవి. స్విచ్‌బోర్డు మీద పేర్లు తారుమారుగా వ్రాసి, అసలు సంగతి ఇంటి యజమాని చెవిలో మాత్రము చెప్పిపోయిన ఎలక్ట్రీషియను పని యిట్టిది. లినక్సు ఆ తప్పు పేర్లనే నమ్మి, ఉన్న స్పీకరును లేదనుకొనును. కొన్ని యంత్రములలో పిన్నులు సరిగానే యున్నను, వెలుపలి యాంప్లిఫయరును మేల్కొలుపు సంకేత మొకటి అందక మౌనము మిగులును.

తేలిక లినక్సు వాడువారు చేయవలసిన మొదటి పరీక్ష మిక్కిలి చిన్నది. టెర్మినలులో ఆల్సామిక్సర్ అని టైపు చేసినచో నిలువుగా దండములు కనబడును. ఒక దండము క్రింద రెండు ఎం అక్షరములున్నచో ఆ దారి మూసియున్నదని యర్థము. ఎం మీట నొక్కగానే తెరచుకొనును. మాస్టరు తెరచి యుండి స్పీకరు మూసియుండుట తరచుగా కనబడు స్థితి. పిమ్మట ఎఫ్6 నొక్కి కార్డుల వరుస చూడవలెను: 2013 ప్రాంతపు ఇంటెల్ లాప్‌టాపులు కొన్నింటిలో హెచ్‌డీఎంఐ మొదటి కార్డుగాను, స్పీకరు గల కార్డు రెండవదిగాను లెక్కకు వచ్చుటచే, తగిలించని టీవీకి శబ్దము పోవుచుండును. వరుసను మార్చిన చాలును. హెడ్‌ఫోను రంధ్రములో దుమ్ము చేరియో, లోపలి చిన్న స్విచ్చి బిగిసియో హెడ్‌ఫోను ఉన్నట్లే యంత్రము భ్రమించి స్పీకరును ఆపివేయుటయు కలదు. రంధ్రమును శుభ్రపరచినను తీరకున్నచో, మిక్సరులోనే ఆటో-మ్యూట్ అనుదానిని నిలిపివేయవచ్చును. ఇంతయు చేసి, ఆల్సాసీటీఎల్ స్టోర్ అను ఆజ్ఞతో ఆ స్థితిని భద్రపరుపకున్నచో, కొన్ని తేలిక లినక్సులలో యంత్రము మరల వెలిగించినంతనే శ్రమ యంతయు వృథా యగును. దీనిని మరచువా రనేకులు.

ఒకటి గమనింపదగినది. ముదుసలి యంత్రమే మొండి దనుకొనుట పొరపాటు. 2008, 2010 నాటి హెచ్‌డీ ఆడియో లాప్‌టాపులు పెక్కు మారుమాట లేక పలుకును. తరువాత వచ్చిన చౌక ఆటమ్ యంత్రములు, హెచ్‌డీ ఆడియో మార్గమును విడిచి వేరొక తంతిపద్ధతిని పట్టినవి, అంతకంటె ఎక్కువ బాధించును. సెకండ్‌హ్యాండ్ కొనువారు లినక్సు గల పెన్‌డ్రైవు నొకటి వెంట గొనిపోయి, సరకు కొనక మునుపే దానితో బూటు చేసి పాట వినుట మేలు.

మిక్సరుతో తీరని మౌనమునకు మందు కెర్నెలులోనే యున్నది. టకాషి ఇవాయ్ ప్రభృతులు ఏండ్ల తరబడి పోషించుచున్న హెచ్‌డీ ఆడియో డ్రైవరునందు, తయారీదారులు దిద్దని తప్పులను దిద్దు సవరణల పట్టికలు వేల పంక్తులుగా విస్తరించి యున్నవి. ప్రతి నమూనాకును గల గుర్తింపు సంఖ్యను చూచి డ్రైవరు దానికి తగిన సవరణను ఎన్నుకొనును. వీనిలో పెక్కు కంపెనీలు ఇచ్చినవి కావు. తమ లాప్‌టాపు పలుకక విసిగినవారు, ఒక్కొక్క పిన్నును మార్చి మార్చి చూచి కనుగొని పంపినవి. హెచ్‌డీఏజాక్‌రీటాస్క్ అను సాధనముతో నేడు ఈ పరిశోధనను ఎవరైనను చేయవచ్చును: ఉపయోగములో లేదని వ్రాసియున్న పిన్నును స్పీకరని మార్చి, పాట పెట్టి, చెవి యొగ్గి వినవలెను, పలుకకున్నచో తరువాతి పిన్నునకు పోవలెను. పలికినపుడు ఆల్సా-ఇన్‌ఫో అను స్క్రిప్టు కోడెక్కు వివరములన్నింటిని ఒక ఫైలుగా కూర్చి యిచ్చును. దానిని దొరకిన పిన్ను సంగతితో పాటు ఆల్సా నిర్వాహకులకు పంపి, వారు సరిచూచి అంగీకరించినచో, ఆ నమూనా గుర్తింపు సంఖ్యతో ఒక పంక్తి కెర్నెలులో చేరును; ఆపై వెలువడు లినక్సులో ఆ నమూనా యంత్రములన్నియు, ఎవరి చేతిలో నున్నను, మొదటి బూటులోనే పలుకును.