గుట్ట అవతలి బండికి కబురు

ఎడ్లబండ్లలో జాతరకు పోయే రోజుల గురించి మీ తాతనో అవ్వనో అడిగి చూడండి. బండ్లు వరుస కట్టి సాగేవి. వెనక బండి ఇరుసు విరిగితే ఆ బండివాడు కేక వేసేవాడు. ఆ కేకను ముందున్న బండి అందుకుని, ఇంకా ముందున్న బండికి వినిపించేది. అట్లా కబురు మొదటి బండిదాకా పోయేది.

ఇప్పుడు కోరుట్ల నుంచి రుద్రంగి మీదుగా వేములవాడకు జీపులు, వ్యానులు పోతున్నాయి. మీ బంధువులు రెండు వ్యానుల్లో దూరయాత్రకు బయలుదేరారనుకోండి. వంట సామాను, పరుపులు అన్నీ బండిలోనే. ఒక రకంగా అది నడిచే ఇల్లు. అడవి దారిలో వెనక వ్యానులోని అవ్వకు ఆయాసం వచ్చింది. మందుల సంచి ముందు వ్యానులో ఉంది. సెల్‌ఫోన్ చూస్తే సిగ్నల్ లేదు. కేక వేస్తే వినపడదు. అప్పుడేం చేయాలి?

సెల్‌ఫోన్‌లో పక్క బండిలోని మనిషితో మాట్లాడినా మీ మాట నేరుగా అతనికి చేరదు. ముందు టవరుకు పోవాలి, అక్కడి నుంచి కంపెనీవారి యంత్రాలకు, తిరిగి మరో టవరుకు. దారిలో టవరు లేకపోతే కథ అక్కడే ఆగిపోతుంది. పోలీసుల చేతిలో మీరు చూసే వాకీటాకీ అట్లా కాదు. ఆ పెట్టెలో తరంగాలను పంపే యంత్రం, అందుకునే యంత్రం రెండూ ఉంటాయి. మీట నొక్కితే మాట పోతుంది, వదిలితే మాట వస్తుంది. రెండూ ఒకేసారి జరగవు. అందుకే మాట ముగించి ‘ఓవర్’ అంటారు. మీట వదలడం మరిచిపోయిన మనిషి ఒక్కడున్నా చాలు, ఆ ఛానల్‌లో ఇంకెవరూ మాట్లాడలేరు!

బండిలో రెండువైపులా మాట్లాడే రేడియోను అమెరికాలోని బయోన్ పట్టణ పోలీసులు 1933లోనే వాడారు. 1958లో అక్కడి సామాన్య ప్రజలకు 27 మెగాహెర్ట్జ్ దగ్గర ‘సిటిజన్స్ బ్యాండ్’ ఛానళ్లు కేటాయించారు. 1973లో చమురు కరువు వచ్చినప్పుడు ఏ బంకులో డీజిలు దొరుకుతుందో లారీ డ్రైవర్లు ఒకరికొకరు చెప్పుకున్నది వీటిమీదనే. ఇళ్లలాంటి వ్యానుల్లో దేశం తిరిగే కుటుంబాలు కూడా వీటిని బిగించుకున్నాయి.

మరి ఈ రేడియో ఎంత దూరం పలుకుతుంది? దుకాణంలో పెట్టె మీద అచ్చువేసిన కిలోమీటర్లను నమ్మకండి. మీరే లెక్క వేయండి. వాకీటాకీ తరంగాలు దాదాపు తిన్నగా సాగుతాయి, భూమి మాత్రం గుండ్రంగా వంగి ఉంది. కనుక ఏరియల్ ఎంత ఎత్తున ఉంటే అంత దూరం ‘చూడగలదు’. ఏరియల్ ఎత్తును మీటర్లలో తీసుకుని, దాని వర్గమూలాన్ని 4.12తో గుణిస్తే ఆ హద్దు కిలోమీటర్లలో వస్తుంది. కంటిచూపుకైతే గుణకం 3.57 మాత్రమే. పైకి పోయేకొద్దీ గాలి పలచబడుతుంది కాబట్టి రేడియో తరంగం కాస్త కిందికి వంగి, చూపుకన్నా కొంచెం ఎక్కువ దూరం పోతుంది.

వ్యాను పైకప్పు మీద ఏరియల్ 2.25 మీటర్ల ఎత్తున ఉందనుకుందాం. వర్గమూలం 1.5, హద్దు సుమారు 6.2 కిలోమీటర్లు. రెండు వ్యానులకూ కలిపితే 12.4. ఇది చెట్టూ పుట్టా లేని మైదానంలో మాట. అర వాట్ సెట్టును బండి లోపల చేత్తో పట్టుకుంటే, ఒకటి రెండు కిలోమీటర్లు పలికినా సంతోషించాలి.

వాట్లు పెంచితే పోలేదా అంటారేమో. నేలకు దగ్గరగా పోయే తరంగంతో ఒక చిక్కుంది. నేరుగా పోయే తరంగాన్ని, నేలను తాకి ఎగిరే తరంగం చాలావరకు రద్దు చేస్తుంది. అందువల్ల సమతలంలో దూరం రెట్టింపయితే అందే శక్తి నాలుగో వంతు కాదు, సుమారు పదహారో వంతుకు పడిపోతుంది. అంటే రెట్టింపు దూరానికి పదహారు రెట్ల వాట్లు కావాలి. బ్యాటరీ ఏమైపోను? అదే ఒక ఏరియల్ ఎత్తును రెట్టింపు చేస్తే, శక్తిని నాలుగు రెట్లు పెంచినంత ఫలం దక్కుతుంది, పైసా ఖర్చు లేకుండా.

ఇంకో అడ్డంకి బండి రేకే. ట్రాన్సిస్టర్‌లో స్టేషను పెట్టి, ఏరియల్ మడిచి, పెద్ద స్టీలు డబ్బాలో ఉంచి మూత బిగించి చూడండి. పాట పోయి గరగర మిగులుతుంది. వ్యానుకు కిటికీలుంటాయి కనుక అంత కష్టం లేదు. 446 మెగాహెర్ట్జ్ తరంగం పొడవు 67 సెంటీమీటర్లే, కిటికీలోంచి కొంత జారుకుంటుంది. 27 మెగాహెర్ట్జ్ తరంగం పొడవు 11 మీటర్లు. దానికి ఏరియల్ బయట ఉండవలసిందే.

ఇక గుట్ట అడ్డం వస్తే? తరంగం గుట్టను తొలుచుకుని పోలేదు. అంచున కొంచెం వంగుతుంది, అంతే. కాబట్టి వెనక వ్యానువాళ్లు చేయవలసిన పని, ఒకరు సెట్టు పట్టుకుని గుట్ట ఎక్కడం. వంద మీటర్ల గుట్టకు హద్దు 41 కిలోమీటర్లు! అతను పైనుంచి రెండు వైపుల వాళ్లతోనూ మాట్లాడి, కింది మాటను అవతలికి అందించవచ్చు. ఎడ్లబండ్ల మధ్య కేకను అందుకున్నవాడు చేసిన పని ఇదే. ఆ పనిని తనంతట తానే చేసే యంత్రం పేరు ‘రిపీటర్’.

వందల కిలోమీటర్లు పోవాలంటే ఆకాశాన్నే ఆశ్రయించాలి. సుమారు 3 నుంచి 30 మెగాహెర్ట్జ్ మధ్య తరంగాలను పైనున్న అయనావరణం వంచి తిరిగి నేలకు పంపుతుంది. హైదరాబాదులోని జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థకు చెందిన భారతీ ప్రసాద్ 2004 డిసెంబరులో ఇట్లాంటి సెట్లతో అండమాన్ వెళ్లారు. అక్కడి నుంచి ప్రపంచంలోని హామ్ రేడియో మిత్రులతో మాట్లాడటం ఆ యాత్ర ఉద్దేశం. 26వ తేదీ ఉదయం సునామీ వచ్చింది. టెలిఫోన్లు మూగబోయాయి. ఆమె బృందం వెంటనే ఆ సెట్లనే సహాయానికి మళ్లించింది. ఫలానావారు క్షేమం అన్న కబుర్లు సముద్రం మీదుగా వెయ్యి కిలోమీటర్లకు పైగా ఉన్న ప్రధాన భూభాగానికి చేరాయి. ఏ టవరూ ఆ దారిలో లేదు.

మన దేశంలో ఏ సెట్టు పడితే అది కొని వాడకూడదు. 446.0 నుంచి 446.2 మెగాహెర్ట్జ్ మధ్య పనిచేసే అర వాట్ వాకీటాకీలకు 2018 నుంచి లైసెన్సు అక్కరలేదు, అయితే సెట్టుకు ప్రభుత్వ ఆమోదం ఉండాలి. వాటిమీద మాట్లాడేది దగ్గరలో అదే ఛానల్ పెట్టిన ఎవరికైనా వినపడుతుంది. ఇంటి గుట్టు అందులో చెప్పకండి. ఇంతకన్నా పెద్ద సెట్లతో హామ్ కావాలనుకుంటే కేంద్ర ప్రభుత్వ పరీక్ష రాయాలి. మీ వయసు పిల్లలూ రాయవచ్చు. ప్రశ్నల్లో ఓమ్ నియమం, తరంగదైర్ఘ్యం లెక్క, ఏరియల్ పనితీరు ఉంటాయి. మొదటి రెండూ మీ భౌతికశాస్త్రం పుస్తకంలో ఉన్నవే.