నోటుబుక్కుల్లో మిగిలిన పాట

నెవాటిం అనే పేరు 2024లో వార్తల్లో బాగా నలిగింది. ఇరాన్ క్షిపణులు గురిపెట్టిన ఇజ్రాయెల్ వైమానిక స్థావరం పేరది. కానీ పక్కనే అదే పేరుతో ఒక చిన్న పల్లె ఉందనీ, స్థావరం కంటే అదే ముందు పుట్టిందనీ చాలామందికి తెలియదు. హీబ్రూ భాషలో నెవాటిం అంటే మొలకలు. ఆ ఎడారి పల్లెలో నాటుకున్న మొలకలు మన కేరళ నుంచి వెళ్ళినవంటే ఆశ్చర్యంగా లేదూ!

కేరళ తీరంలో యూదులు శతాబ్దాల తరబడి ఉన్నారు. దాదాపు వెయ్యేళ్ళ కిందట అక్కడి రాజు భాస్కర రవివర్మ, జోసెఫ్ రబ్బాన్ అనే యూదు పెద్దకు హక్కులిస్తూ రాగిరేకులు రాయించాడు. 2017లో మన ప్రధాని ఇజ్రాయెల్ వెళ్ళినప్పుడు ఆ రేకుల నకళ్ళనే కానుకగా తీసుకెళ్ళారు. కొచ్చి, ఎర్నాకుళం, పరవూరు, చేందమంగలం, మాళ... ఈ ఊళ్ళన్నిట్లో వాళ్ళకు ప్రార్థనా మందిరాలుండేవి. ఇంట్లో మాట మలయాళం. ఎవరో తరిమితే వెళ్ళినవాళ్ళు కారు వీళ్ళు. 1948లో ఇజ్రాయెల్ ఏర్పడగానే, తరతరాలుగా ప్రార్థనల్లో తలుచుకున్న నేల అదేనని బయల్దేరారు.

అయితే అక్కడి ప్రభుత్వం వెంటనే రానివ్వలేదు. కారణం బోదకాలు! కేరళ తీరంలో ఎక్కువగా ఉన్న ఆ జబ్బు తమ దేశంలో వ్యాపిస్తుందేమోనని భయం. కొన్నేళ్ళు ఎదురుచూశాక 1953-55 మధ్య ఎక్కువమంది వెళ్ళగలిగారు. మొత్తంమీద రెండువేలకు పైగానే వెళ్ళారు.

నెవాటిం పల్లెను మొదట 1946 అక్టోబరులో కట్టారు. నెగెవ్ ఎడారిలో ఒకే రాత్రి వెలసిన పదకొండు పల్లెల్లో అదొకటి. తరతరాలుగా ఆ ఎడారిలో మందలు మేపుకుంటూ బతికిన బెదూయిన్లలో చాలామంది 1948 యుద్ధంతో చెల్లాచెదురయ్యారు. పల్లె కట్టిన మొదటివాళ్ళూ అక్కడ నిలవలేదు. 1954లో కొచ్చిన్ యూదులు వచ్చి దిగారు. కొబ్బరిచెట్లూ, కాలువలూ, ఏడాదికి మూడువేల మిల్లీమీటర్ల వానా చూసినవాళ్ళు! ఇక్కడ రెండువందల మిల్లీమీటర్లు పడితే గొప్ప. అందులోనూ వాళ్ళలో ఎక్కువమంది చిన్నచిన్న వ్యాపారాలు చేసుకున్నవాళ్ళేగాని సేద్యం ఎరిగినవాళ్ళు కారు. ఇలాంటి పల్లెను మోషవ్ అంటారు. ఎవరి ఇల్లు వారిదే, ఎవరి పొలం వారు చేసుకోవాల్సిందే. కొనుగోళ్ళూ అమ్మకాలూ మాత్రం సహకార పద్ధతిలో అందరూ కలిసి చేసుకుంటారు. అలా ఒకరికొకరు తోడుగా ఆ ఇసుకలోనే నిలదొక్కుకున్నారు. తర్వాత కేరళ పద్ధతిలో ప్రార్థనా మందిరం కట్టుకుని, పవిత్ర గ్రంథాలుంచే మందసాన్ని కొచ్చి నుంచి తెచ్చి అందులో పెట్టుకున్నారు. పక్కన తమ చరిత్ర చెప్పే మ్యూజియం కూడా ఉంది.

మందసం సంగతి సరే. నన్ను కట్టిపడేసింది ఆడవాళ్ళు పెట్టెల్లో పెట్టుకుని వెళ్ళిన నోటుబుక్కులు!

చాలా యూదు సమాజాల్లో మగవాళ్ళు వింటుండగా స్త్రీలు పాడకూడదని కట్టడి ఉంది. కొచ్చిన్ యూదులకు ఆ పట్టింపు లేదు. పెళ్ళిళ్ళలో, పండగల్లో ఆడవాళ్ళు నలుగురిలోనే మలయాళంలో పాడేవారు. పెళ్ళికూతురి పాటలు, పురాణ పురుషుల కథలు, ఫలానా ఊళ్ళో ప్రార్థనా మందిరం ఎలా కట్టారో చెప్పే పాటలు కూడా! వాటిని నోటుబుక్కుల్లో రాసుకుని దాచుకునేవారు. ఒకరిది చూసి ఒకరు ఎత్తిరాసుకునేవారు. మన మంగళహారతుల పుస్తకాల్లాగే అన్నమాట. కొన్ని పాత మాటలకు అర్థం పాడేవాళ్ళకే తెలిసేది కాదట.

కొత్త దేశంలో పిల్లలు హీబ్రూ బళ్ళకు వెళ్ళారు. కూతుళ్ళకు కాస్తో కూస్తో మలయాళం అర్థమయ్యేది, చదవడం రాదు. మనవరాళ్ళకు అదీ లేదు. పెళ్ళిళ్ళలో హీబ్రూ పాటలు మిగిలాయి, మలయాళం పాటలు వెనక్కి తగ్గాయి. మందసాన్ని కళ్ళతో చూసి దణ్ణం పెట్టుకోవచ్చు. నోటుబుక్కును చదవాలంటే అక్షరం రావాలి కదా!

ఆ పాటలు పోకుండా పట్టుకున్నదీ ఆడవాళ్ళే. 1912లో కొచ్చిలో పుట్టి, 1951లో ఇజ్రాయెల్‌లోని మరో పల్లెకు వెళ్ళిపోయిన రూబీ డేనియల్ పెద్దవయసులో కూర్చుని పాటల్ని ఇంగ్లీషులోకి మార్చారు. అమెరికన్ పరిశోధకురాలు బార్బరా జాన్సన్‌తో కలిసి ఆమె రాసిన జ్ఞాపకాల పుస్తకం 1995లో వచ్చింది. జాన్సన్, మరికొందరు పరిశోధకులు ఇంటింటికీ తిరిగి నోటుబుక్కులు పోగుచేశారు, ముసలమ్మల చేత పాడించి టేపుల్లో ఎక్కించారు. మలయాళ పండితుడు స్కరియా జకారియా పాఠాలు సరిచూశారు. 2004లో పాటల సీడీ, 2005లో జెరూసలేం నుంచి మలయాళం, హీబ్రూ భాషల్లో పుస్తకం వెలువడ్డాయి. మలయాళం రాని ఆడపిల్లలు కూడా హీబ్రూ లిపిలో రాసుకుని ఆ పాటలు నేర్చుకోవచ్చు.

ఇదంతా చదువుతుంటే అమెరికాలో, ఆస్ట్రేలియాలో పెరుగుతున్న మన మనవలూ మనవరాళ్ళూ గుర్తొచ్చారు. అంతదూరం ఎందుకు, మన వీధిలోనే తెలుగు మాట్లాడగలిగీ చదవలేని పిల్లలు ఎందరు లేరు! కొచ్చిన్ తల్లులు నిర్లక్ష్యం చెయ్యలేదు. బతుకుతెరువు చూసుకునే హడావిడిలో ఒక్క తరం గడిచింది, అంతే.

మీ ఇంట్లో అమ్మమ్మో నానమ్మో రాసుకున్న పాటల పుస్తకం ఉందేమో వెతకండి. ఏ పాట ఏ వేడుకలో పాడతారో పక్కన రాయించుకోండి. పాడేవారుంటే ఫోనులో రికార్డు చెయ్యండి. రాగం కాగితం మీద ఉండదు. అది ఆ గొంతులోనే ఉంటుంది.