కొబ్బరికాయలో పువ్వు ఎక్కడిది?

గుడిలో కొట్టిన కొబ్బరికాయలో తెల్లటి పువ్వు కనబడితే ఇంటిల్లిపాదీ సంబరపడతాం. పిల్లలు దాని తీపి కోసం ఎగబడతారు. ఆ పువ్వు ఏ చెట్టుకూ పూసింది కాదు, మొలకెత్తడానికి సిద్ధమైన పిండం తిండి కోసం లోపలికి చాచిన నోరు.

పీచు ఒలిచాక కాయకు మూడు కళ్లు కనిపిస్తాయి. వాటిలో ఒకటే మెత్తన. దాని వెనకే, కొబ్బరిలో ఒదిగి చిన్న పలుకంత పిండం ఉంటుంది. మొలకెత్తేటప్పుడు దాని బీజదళం లోపలికి ఉబ్బి నీళ్లనూ కొబ్బరినీ పీల్చుకుంటుంది. మనం పువ్వంటున్నది దాన్నే.

మరి ఆ తిండి ఎవరిది? కాయ కట్టకముందు, పూతలో పుప్పొడి గొట్టం రెండు పురుష కణాలను తెస్తుంది. ఒకటి అండంతో కలిసి పిండమవుతుంది. రెండోది పిండకోశం నడుమనున్న రెండు కేంద్రకాలతో కలుస్తుంది. అలా పుట్టేది అంకురచ్ఛదం: తల్లి పాళ్లు రెండు, తండ్రి పాలు ఒకటి. పిండానికి తోబుట్టువులాంటిదే, కానీ దాని ఆకలి తీర్చి తాను కరిగిపోతుంది. 1898లో రష్యన్ శాస్త్రవేత్త సెర్గేయ్ నవాషిన్ లిల్లీ కుటుంబపు మొక్కల్లో ఈ రెండో కలయికను గుర్తించాడు.

కొబ్బరిలో అంకురచ్ఛదపు కేంద్రకాలు గోడలు కట్టుకోకుండానే ద్రవంలో విడివిడిగా పెరుగుతాయి. బోండాంలో మనం తాగేది ఆ ద్రవాన్నే. తర్వాత అంచుల నుంచి గోడలు లేస్తే మీగడలాంటి లేత కొబ్బరి, ముదిరితే పచ్చడికి తురుముకునే కొబ్బరి. 1941లో శాస్త్రవేత్త వాన్ ఓవర్‌బీక్ బృందం ఉమ్మెత్త పిండాలను ప్రయోగశాలలో పెంచడానికి కొబ్బరినీళ్లనే వాడింది.

కంది, శనగల దారి వేరు. గింజ పండేలోపే బీజదళాలు అంకురచ్ఛదాన్ని తినేసి బొద్దుగా తయారవుతాయి. పప్పుబద్దలంటే అవే. నానిన శనగను రెండుగా విప్పితే ఒక బద్ద కొసన అంటుకుని చిన్న ముక్కులాంటిది కనిపిస్తుంది, అదే రేపటి మొక్క. ఆముదం గింజకూ దళాలు రెండే, కానీ అవి కాగితమంత పల్చన. నూనె అంతా అంకురచ్ఛదంలోనే. మిరియం మరీ వింత: అది ఎక్కువగా తల్లి కణజాలాన్నే దాచుకుంటుంది.

ఇక మన అన్నం దాదాపు అంతా అంకురచ్ఛదమే. ఒక బియ్యపు గింజను వేళ్ల మధ్య పట్టుకుని చూడండి, ఒక కొసన చిన్న నొక్కు ఉంటుంది. పిండం అక్కడే ఉండేది. మరపట్టినప్పుడు తవుడుతో పాటు ఊడిపోయింది. అందుకే బియ్యం ఎంతసేపు నానబెట్టినా మొలకెత్తవు.