ఉక్కపోత నేలలో ఆండీస్ జీవి: చించిల్లాకు పెట్టదగిన తిండి, పంజరంలో ఉంచదగిన వస్తువులు

నిమ్‌పురా (ఖరగ్‌పూర్): చించిల్లాను ఇంటికి తెచ్చుకునేవారు సాధారణంగా పరుగు చక్రం, ప్లాస్టిక్ గూడు, రంగురంగుల చిరుతిండి ప్యాకెట్లు ముందుగా కొంటారు. అన్నిటికంటే ముందు కొనవలసిన వస్తువు మాత్రం చాలామంది జాబితాలో ఉండదు. గదిలోని ఉష్ణోగ్రతను, గాలిలోని తేమను చూపే చిన్న మీటరు అది. పశ్చిమ బెంగాల్‌లోని ఈ రైల్వే పట్టణం వంటి చోట ఆ మీటరు చూపే అంకెలే ఆ ప్రాణి బతుకుతుందో లేదో నిర్ణయిస్తాయి.

బెంగాల్ నాగపూర్ రైల్వే కాలంలో శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం ప్రాంతాల నుంచి ఉద్యోగాల కోసం వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఖరగ్‌పూర్‌లో తరతరాలుగా నివసిస్తున్నాయి. రైల్వే యార్డును ఆనుకుని ఉన్న నిమ్‌పురా ఆ స్థావరాలలో ఒకటి. ఇక్కడి వేసవిలో ఉష్ణోగ్రత 40 డిగ్రీల సెల్సియస్‌ను దాటుతుంది. వర్షాకాలంలో వేడి కొంత తగ్గినా ఉక్క తగ్గదు. కుక్కలు, చిలుకలు, కుందేళ్లు ఈ వాతావరణానికి ఎంతో కొంత సర్దుకుంటాయి. చించిల్లా సర్దుకోలేదు.

దీనికి కారణం దాని చర్మంపైనే ఉంది. దక్షిణ అమెరికాలోని ఆండీస్ పర్వతాల చల్లని, పొడి రాతి వాలులు ఈ జీవి స్వస్థలం. అక్కడి రాత్రుల చలికి తట్టుకునేలా ఒక్కొక్క రోమకూపం నుంచి పదుల సంఖ్యలో సన్నని వెంట్రుకలు పుట్టుకొస్తాయి. నేలపై తిరిగే క్షీరదాలలో ఇంత దట్టమైన బొచ్చు గలవి అరుదు. మనిషి వలె చెమట పట్టి దేహం చల్లబడే మార్గం దీనికి లేదు. అందుచేత ఫ్యాను గాలి మనకు ఇచ్చే ఊరట దానికి అందదు. వేడి గదిలో ఫ్యాను వేడి గాలినే దానిపైకి తోస్తుంది. గది 25 డిగ్రీలు దాటితే జాగ్రత్తపడాలని, 27 దాటితే ప్రమాదం మొదలైనట్లేనని పెంపకందారులు లెక్క వేసుకుంటారు.

తేమను కూడా కలుపుకుని చూసే మరొక లెక్క వారిలో ప్రచారంలో ఉంది. ఉష్ణోగ్రతను ఫారన్‌హీట్‌లో తీసుకుని, దానికి తేమ శాతాన్ని కలపాలి. మొత్తం 150 దాటితే వడదెబ్బకు అవకాశం ఉన్నట్టు. జూలై సాయంత్రం ఒకటి ఊహించుకుందాం. ఉష్ణోగ్రత 30 డిగ్రీల సెల్సియస్, అంటే 86 ఫారన్‌హీట్. తేమ 80 శాతం. మొత్తం 166. మనుషులు 'ఈరోజు కాస్త చల్లబడింది' అనుకునే సాయంత్రం అది. ఏసీ గదిలో 20 డిగ్రీలు, 50 శాతం తేమ ఉంటే మొత్తం 118 మాత్రమే. ఈ రెండు అంకెల మధ్య తేడాను ఏ ఖరీదైన పంజరమూ పూడ్చలేదు. ఏడాదిలో అధికభాగం ఏసీ నడపలేని ఇంట్లో, ఎంత ప్రేమ ఉన్నా, ఈ జీవిని పెంచకపోవడమే దానికి చేసే మేలు.

చించిల్లాను కొండ దింపడం ఎంత కష్టమో వంద సంవత్సరాల క్రితమే ఒకరికి అనుభవమైంది. చిలీలో పనిచేసిన అమెరికన్ మైనింగ్ ఇంజనీరు మథియాస్ చాప్‌మన్ అడవి చించిల్లాలను పట్టించి, 1923లో కాలిఫోర్నియాకు తరలించారు. కొండపై నుంచి వాటిని ఒకేసారి దింపలేదు. వేడికి అలవాటు పడేందుకు అంచెలంచెలుగా, నెలల తరబడి ఆగుతూ దింపారు. ఓడ ప్రయాణంలో బోనులను మంచుగడ్డలతో చల్లబరిచారు. ఇంత చేసి ఆయన తీరం చేర్చినవి పదకొండో పన్నెండో. నేడు ప్రపంచంలో పెంపకంలో ఉన్న చించిల్లాలలో అత్యధికం ఆ కొద్దిపాటి జీవుల సంతతే. నూరేళ్లుగా పంజరాలలో పుట్టి పెరుగుతున్నా వాటి బొచ్చు పలుచబడలేదు.

ఏసీ ఉన్న ఇంట్లో పంజరంలో ఉంచదగిన మొదటి వస్తువు ఒక రాతి పలక. పెంపుడు జంతువుల దుకాణాలు దీనినే 'కూలింగ్ స్టోన్' పేరుతో అమ్ముతాయి. తెలుగిళ్లలో అరుగులకు, వంటగట్టుకు వాడే కడప రాయి ముక్క గాని, గ్రానైట్ లేదా పాలరాతి ముక్క గాని అంతే పని చేస్తుంది. అంచులు నునుపుగా ఉండి, రంగు గాని రసాయనపు పూత గాని లేకుండా ఉంటే చాలు. ఒక్క విషయం మాత్రం గుర్తుంచుకోవాలి. రాయి చల్లదనాన్ని పుట్టించదు. గది 36 డిగ్రీలుంటే రాయి కూడా కొద్దిసేపటికి ఆ వేడికే చేరుతుంది.

కాలబైశాఖి ఈదురుగాలులు వీచే ఏప్రిల్, మే సాయంత్రాలలో కరెంటు పోవడం ఈ ప్రాంతానికి కొత్త కాదు. ఫ్రీజర్‌లో రెండు మూడు నీటి సీసాలను ఎప్పుడూ గడ్డకట్టించి ఉంచుకుని, కరెంటు పోగానే గుడ్డలో చుట్టి పంజరం పక్కన పెట్టడం కొన్ని గంటలకు ఉపకరిస్తుంది. ప్లాస్టిక్ సీసాను పంజరం లోపల పెడితే కొరికి మింగుతుంది. చెవులు ఎర్రబడటం, నోరు తెరిచి ఎగశ్వాస తీయడం, చొంగ కారడం, పక్కకు వాలి కదలక పడి ఉండటం వడదెబ్బ లక్షణాలు. అప్పుడు ప్రాణిని చల్లని గదికి మార్చి, చెవులను, పాదాలను చల్లని తడిగుడ్డతో అద్దుతూ వైద్యుని వద్దకు తీసుకువెళ్లాలి. మంచునీటిలో ముంచరాదు. ఆ హఠాత్తు చలికి దేహం కుప్పకూలవచ్చు.

ఇక తిండి సంగతి. ఇంటికి వచ్చిన వారికి ఏదో ఒకటి పెట్టకుండా పంపని మన అలవాటు ఇక్కడే చిక్కు తెస్తుంది. మేదినీపూర్ ప్రాంతంలో ముడీ, అంటే మరమరాలు, లేని ఇల్లు ఉండదు. తెలుగిళ్లలో పుట్నాలు, వేరుశనగలు, బెల్లం ముక్క చేతికందే దూరంలోనే ఉంటాయి. ఇవేవీ చించిల్లాకు పనికిరావు. దాని పేగులు పీచును మెల్లగా పులియబెట్టి జీర్ణించుకునేలా ఏర్పడ్డాయి. పిండిపదార్థం, చక్కెర, నూనె ఎక్కువైతే అక్కడి సూక్ష్మజీవుల సమతూకం చెడి వాయువు నిండుతుంది. పైగా ఈ జీవి వాంతి చేసుకోలేదు. పొట్ట ఉబ్బి, తిండి మానేసి, ఒకటి రెండు రోజుల్లోనే ప్రాణం మీదికి రావచ్చు.

మార్కెట్‌లో 'చించిల్లా ట్రీట్' పేరుతో దొరికే ప్యాకెట్లను కూడా నమ్మరాదు. వాటిలో చాలావాటిలో ఎండుద్రాక్ష, పొద్దుతిరుగుడు గింజలు, మొక్కజొన్న, తేనెతో అతికించిన ధాన్యాలు కనిపిస్తాయి. పాత పుస్తకాలు రోజుకో ఎండుద్రాక్ష పెట్టవచ్చని చెప్పేవి. ఎండుద్రాక్ష బరువులో సగానికి పైగా చక్కెరే గనుక ఆ సలహాను ఇప్పుడు చాలామంది వదిలేశారు. ప్యాకెట్ ముందున్న బొమ్మను వదిలి, వెనుక ఉన్న పదార్థాల వరుసను చదవాలి. మొదటి నాలుగు పేర్లలో గడ్డి లేకపోతే దానిని తిరిగి అరలో పెట్టేయవచ్చు.

ప్రధానాహారం ఎప్పుడూ ఎండుగడ్డే. తిమోతి గడ్డి గాని, వోట్ గడ్డి గాని రోజంతా అందుబాటులో ఉండాలి. సాదా గుళికలు రోజుకు ఒకటి రెండు టేబుల్ స్పూన్లు చాలు. లూసర్న్ గడ్డిలో కాల్షియం ఎక్కువ కాబట్టి అది పెరిగే పిల్లలకు, పాలిచ్చే తల్లులకు తగినది గాని, పెద్దవాటికి నిత్యం పెడితే మూత్రాశయంలో రాళ్లు ఏర్పడవచ్చు. వరిగడ్డి ఈ జిల్లాలో కావలసినంత దొరుకుతుంది. పోషకాలు తక్కువైనందున అది తిమోతికి బదులు కాదు. నీడన బాగా ఎండబెట్టిన గరిక మేలైన మార్పు. అయితే వినాయకుడి పూజకు తెచ్చినట్లు యార్డు పక్కన, పట్టాల వెంట కోసుకురాకూడదు. రైలు మార్గాల వెంట కలుపు మందులు చల్లుతారు. వ్యాగన్ల నుంచి కారే నూనె, బొగ్గు ధూళి కూడా అక్కడి గడ్డిపై పడతాయి. వర్షాకాలంలో నిల్వ గడ్డికి బూజు పట్టడం మరో ప్రమాదం. పాత అటక వాసన వచ్చే గడ్డిని ఎంత ఖరీదు పెట్టి కొన్నా పారవేయవలసిందే.

చిరుతిండి అసలే వద్దని కాదు. చేతికి మచ్చిక కావడానికి అది మంచి సాధనం. మందులు చల్లని పెరటి మందారపూవును ఎండబెట్టి ఒక రేక, ఎండిన గులాబీ కాయ ఒకటి, ఉప్పు చక్కెర కలపని వోట్స్ నాలుగైదు పలుకులు, ఇలా వారానికి రెండు మూడు సార్లు ఇవ్వవచ్చు. కాళీపూజకు కొన్న జవాపూల దండలోని పూవులు మాత్రం వద్దు. వాటిపై ఏ మందు చల్లారో కొన్నవారికి తెలియదు. ఆరు నెలల లోపు పిల్లలకు ఇవి కూడా అవసరం లేదు.

చించిల్లాకు మిఠాయి కంటే ఇష్టమైనది, మేలైనది కొరుక్కునే పుల్ల. దాని పళ్లన్నీ జీవితాంతం పెరుగుతూనే ఉంటాయి. గడ్డి నమలడం, కర్ర కొరకడం తగ్గితే దవడపళ్లు వంకరగా పెరిగి నాలుకను, చెంపను గాయపరుస్తాయి. ఆపిల్, పియర్, విల్లో, మల్బరీ కొమ్మలు భద్రమైనవిగా పేరుపొందాయి. వీటిలో మల్బరీ మనకు సులభంగా అందుతుంది. బెంగాల్‌లో మాల్దా, ముర్షిదాబాద్ జిల్లాల్లోనూ, రాయలసీమలో హిందూపురం చుట్టుపక్కల కూడా పట్టుపురుగుల కోసం దీనిని సాగు చేస్తారు. మందు చల్లని కొమ్మను బాగా తోమి, నీటిలో మరిగించి, తడి పూర్తిగా పోయేంత వరకు ఎండబెట్టి ఇవ్వాలి. దేవదారు, యూకలిప్టస్, నిమ్మ నారింజ జాతులు, చెర్రీ, పీచ్, ప్లమ్ వంటి టెంకపండ్ల చెట్ల కొమ్మలు ప్రమాదకరం. మామిడి జిగురు మనిషి చర్మాన్నే మండిస్తుంది కనుక అదీ వద్దు. వేపపుల్లను మంచిదని ఇవ్వాలనిపించవచ్చు. మనిషికి మందైనది అర కిలో ప్రాణికి కూడా మందే అవుతుందన్న భరోసా లేదు. వార్నిష్ వేసిన బల్లచెక్క, జిగురుతో అతికించిన ప్లైవుడ్ పంజరంలోకి రానేకూడదు.

పంజరంలో ప్లాస్టిక్ ఉండరాదన్న నియమానికి మూలం కూడా ఈ పళ్లే. ప్లాస్టిక్ అర, సొరంగం, తిండి గిన్నె అన్నీ నాలుగు రోజుల్లో ముక్కలవుతాయి. మింగిన ముక్కలు పేగులో అడ్డుపడతాయి. బరువైన పింగాణీ గిన్నె, గాజు నీటి సీసా, చెక్క గూడు, చెక్క అరలు వాడాలి. నేల తీగ జాలీతో ఉంటే అరికాళ్లకు పుండ్లు పడతాయి, వేళ్లు ఇరుక్కుంటాయి. కాబట్టి దానిపై చెక్క గాని, ఉన్నివంటి ఫ్లీస్ గుడ్డ గాని పరచాలి. దారాలు లేచే తువ్వాలు గుడ్డ వద్దు. ఈ జీవి ఎగిరి దూకుతుంది కనుక పంజరానికి వెడల్పుతోపాటు ఎత్తు కూడా కావాలి. అరలను మెట్లలా అమర్చితే పైనుంచి జారినా నేలదాకా పడదు.

పరుగు చక్రం విషయంలో జరిగే పొరపాటు పరిమాణానిది. ఎలుకల కోసం చేసిన చిన్న చక్రంలో చించిల్లా వెన్ను వంచి పరుగెత్తవలసి వస్తుంది. కనీసం 15 అంగుళాల వ్యాసం గల, పుల్లలు లేని, గట్టి ఉపరితలం గల లోహపు చక్రమే తగినది. పుల్లల మధ్య కాలు చిక్కితే ఎముక విరుగుతుంది. గుండ్రని ప్లాస్టిక్ బంతిలో ఉంచి నేలపై దొర్లించే ఆటను పూర్తిగా మానాలి. గాలి ఆడని ఆ బంతిలో వేడి నిమిషాల్లో పెరుగుతుంది. రంగుల ఉప్పురాళ్లు, మెడపట్టీలు కూడా అనవసరమే. మెడ బొచ్చు భయపడినప్పుడు కుచ్చులుగా ఊడివస్తుంది.

స్నానం మాత్రం తప్పనిసరి, అయితే నీటితో కాదు. తడిసిన దట్టమైన బొచ్చు త్వరగా ఆరదు, అడుగున శిలీంధ్రం పడుతుంది. అగ్నిపర్వత శిలల నుంచి తీసిన మెత్తని ధూళిని గిన్నెలో పోసి, వారానికి రెండు మూడు సార్లు పది పదిహేను నిమిషాలు పొర్లనివ్వాలి. ఉక్క ఎక్కువైన నెలల్లో ఇంకొక్కసారి అవసరం కావచ్చు. తర్వాత గిన్నెను బయటకు తీసేయాలి. ఏటి ఇసుక గరుకు గనుక బొచ్చును తెంపుతుంది. టాల్కం పౌడరు ఊపిరితిత్తులకు హాని.

కొనేముందు చూడవలసిన కాగితాలూ ఉన్నాయి. అడవి చించిల్లాలు అంతర్జాతీయ వన్యప్రాణి వాణిజ్య ఒప్పందమైన సైటీస్ మొదటి అనుబంధంలో ఉన్నాయి. పెంపకపు రకానికి ఆ ఒప్పందం మినహాయింపు ఇచ్చింది. భారత్‌లో 2022 సవరణతో వన్యప్రాణి సంరక్షణ చట్టం సైటీస్ జీవులకు ప్రత్యేక షెడ్యూలును చేర్చింది. ఆ జీవులు ఉన్నవారు పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయించాలని 2024 నిబంధనలు నిర్దేశిస్తున్నాయి. అమ్మేవారి మాటతో సరిపెట్టుకోక, రసీదు, మూలాన్ని తెలిపే పత్రాలు అడిగి, తమ విషయంలో ఏ నమోదు వర్తిస్తుందో రాష్ట్ర అటవీశాఖ వద్ద లిఖితపూర్వకంగా తెలుసుకోవడం శ్రేయస్కరం.

వైద్యుని సంగతి కూడా ముందే చూసుకోవాలి. పశువులకు, కుక్కలకు చికిత్స చేసే వైద్యులందరికీ ఈ జీవి పళ్లు, పేగులతో పరిచయం ఉండదు. ఖరగ్‌పూర్ నుంచి హౌరాకు రైలులో సుమారు 115 కిలోమీటర్లు. జబ్బు ముదిరిన చించిల్లాకు వేసవి పగటిపూట ఆ ప్రయాణమే పెద్ద గండం. జబ్బును తొలిదశలో పసిగట్టేందుకు వంటింటి డిజిటల్ త్రాసు ఉపకరిస్తుంది. వారానికొకసారి ఒకే వేళకు తూచి, గ్రాములలో గోడ క్యాలెండరుపై రాసుకోవాలి. పెద్ద చించిల్లా సాధారణంగా 400 నుంచి 600 గ్రాములు, కొన్ని ఆడవి అంతకంటే ఎక్కువ తూగుతాయి. వరుసగా రెండు వారాలు బరువు తగ్గినా, ఒక పూట గడ్డి ముట్టకపోయినా, రెట్టలు చిన్నవై ఆగిపోయినా, చల్లబడిన సాయంత్రం వైద్యుని వద్దకు బయలుదేరడం మేలు.