నంద్యాల రోడ్డు మీద ఇంగ్లిష్ స్పోర్ట్స్ కార్ల చుట్టాలు

నంద్యాల నుంచి మహానందికి, ఆళ్లగడ్డ నుంచి అహోబిలానికి ఏళ్ల తరబడి యాత్రికులను మోసిన పాత పెట్రోల్ అంబాసిడర్ బానెట్ ఎత్తితే కనబడేది స్పోర్ట్స్ కారు వంశపు ఇంజను. బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్ వాళ్ల బి-సిరీస్, 1489 సీసీ. 1955లో వచ్చిన ఎంజీఏ అనే రెండు సీట్ల కారులో మొదట పెట్టిందీ ఇదే. దానికి రెండు కార్బ్యురేటర్లు, ఒళ్లు తేలిక, ట్యూనింగు వేరు. మనది ఇంటిల్లిపాదినీ ఎక్కించుకునే బండి. తర్వాత ఈ ఇంజన్నే 1798 సీసీకి పెంచి ఎంజీబీలో వేశారు. ఆ ఎంజీబీలు 1962 నుంచి 1980 దాకా ఐదు లక్షలకు పైగా తయారయ్యాయి.

నల్లరేగడి రైతులకు ఇంకా దగ్గరి సంగతి ఒకటుంది. కోవెంట్రీలోని స్టాండర్డ్ కంపెనీ రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక ఫెర్గుసన్ ట్రాక్టర్లు కట్టింది. ఆ ట్రాక్టరు ఇంజను, అదే కంపెనీ వాన్‌గార్డ్ కారు ఇంజను అన్నదమ్ములు. 1953లో తన ట్రయంఫ్ టీఆర్2 స్పోర్ట్స్ కారుకు ఇంజను కావలసి వచ్చినప్పుడు కంపెనీ కొత్తది వెతకలేదు, ఈ 2088 సీసీ ఇంజన్నే 1991 సీసీకి తగ్గించింది. రెండు లీటర్ల లోపు పందేల్లో పోటీ చేయాలంటే అంతే ఉండాలి మరి. తగ్గించడం సులువైంది, ఎందుకంటే ఇందులో సిలిండర్లు విడి లైనర్లు. బోరు చిన్నదైన లైనర్లు దింపితే చాలు. అరిగినా అంతే, బోరింగుకు పంపే పని లేకుండా పాతవి లాగేసి కొత్తవి వేసుకోవచ్చు. రిపేరు చేసేవాడిని దృష్టిలో పెట్టుకుని గీసిన ఇంజను ఇది. నాకు దీనిమీద గౌరవం అందుకే.

ఇక నాకు అన్నిటికన్నా ఇష్టమైన కారు స్టాండర్డ్ హెరాల్డ్. 1961 నుంచి మద్రాసులో తయారైంది. ఇంగ్లండులో దీని పేరు ట్రయంఫ్ హెరాల్డ్, రూపం దిద్దినవాడు ఇటలీకి చెందిన మికెలోట్టి. అప్పట్లో ట్రయంఫ్‌కు బాడీలు చేసిచ్చే కంపెనీని పోటీదారు కొనేసుకున్నాడు. బాడీ మొత్తం ఒకేచోట కట్టించే వీలు పోయింది. దాంతో ముక్కలు ముక్కలుగా వేర్వేరు చోట్ల చేయించి, ఛాసిస్ మీద బోల్టులతో బిగించారు. ఆ ఇబ్బందే తర్వాత ఈ కారు పాలిట వరమైంది. ఏ ముక్క తుప్పు పట్టినా దాన్ని మాత్రమే విప్పి మార్చుకోవచ్చు. ముందు మడ్‌గార్డులతో సహా బానెట్ అంతా ముందుకు వాలిపోతుంది. మేస్త్రీ ముందు టైరు మీదే కూర్చుని పాయింట్లు సెట్ చేసుకోవచ్చు. మలుపు తిరగడానికి 25 అడుగుల వెడల్పు చాలు, పాతూరి సందుల్లో దీనికి సాటి లేదు. నాలుగు తలుపుల హెరాల్డ్ మాత్రం మన దేశంలోనే తయారైంది.

ఆ హెరాల్డ్ ఛాసిస్‌నే కురచ చేసి 1962లో ట్రయంఫ్ స్పిట్‌ఫైర్ స్పోర్ట్స్ కారు కట్టారు. 1980 వరకూ మూడు లక్షలకు పైగా వచ్చాయి. అంటే స్పిట్‌ఫైర్ మీద చేయి తిరిగిన ఇంగ్లిష్ మేస్త్రీని మద్రాసు హెరాల్డ్ దగ్గర నిలబెడితే సగం బండిని అతను వెంటనే పోల్చుకుంటాడు.

మద్రాసు స్టాండర్డ్ వాళ్ల చివరి కారు 1985లో వచ్చిన స్టాండర్డ్ 2000. పైన రోవర్ ఎస్‌డీ1 బాడీ, లోపల అదే పాత వాన్‌గార్డ్ వంశపు 1991 సీసీ ఇంజను! ఖరీదెక్కువ, అమ్మకాలు తక్కువ, మూడేళ్లకే ఆగిపోయింది. మిగిలిన విడిభాగాలు ఏళ్లపాటు ఇక్కడే పడి ఉన్నాయి. 2006లో ఆ సరుకంతా కొని ఇంగ్లండుకు తీసుకెళ్లింది లింకన్ దగ్గరి రిమ్మర్ బ్రదర్స్. ట్రయంఫ్, ఎంజీ, రోవర్ పాత కార్ల స్పేర్లు అమ్మే సంస్థ అది. ఇంగ్లండులో పుట్టిన కారుకు స్పేర్లు మద్రాసు గోడౌన్‌లో దొరికాయి.

అక్కడి అభిమానుల పట్టుదల కూడా తక్కువది కాదు. ఎంజీ కార్ క్లబ్బు 1930 నుంచి నడుస్తోంది. 1980లో ఎంజీబీ ఆగిపోయాక, పాత డైలు, ప్రెస్సు పరికరాలు వెతికి పట్టి 1988లో బ్రిటిష్ మోటార్ హెరిటేజ్ సంస్థ మళ్లీ కొత్త బాడీలు చేయడం మొదలుపెట్టింది.

పాత ఇంగ్లిష్ బండి విప్పే ముందు పానా చూసుకోవాలి. విట్‌వర్త్ అనే పాత ఇంగ్లిష్ కొలతల పానా మీద ఉన్న అంకె బోల్టు తలది కాదు, కాడది. మామూలు అరంగుళం పానా అక్కడ పట్టదు, బలవంతం చేస్తే నట్టు మూలలు అరిగిపోతాయి.

రాయలసీమలో బుల్లెట్‌కున్న మర్యాద వేరే చెప్పాలా? మన ఊళ్లలో తిరిగే ఇంగ్లిష్ యంత్రాల్లో అన్నిటికన్నా దీర్ఘాయుష్షు దానిదే. 1955లో మద్రాసులో మొదలైంది, ఇంగ్లండులో రెడిచ్ ఫ్యాక్టరీ 1967లో మూతపడినా ఇక్కడ ఆగలేదు. పాత పాయింట్ల బుల్లెట్‌ను స్టార్ట్ చేయడం ఒక విద్య. తాళం ఆన్ చేసి, కిక్ రాడ్‌ను కాలితో మెల్లగా నొక్కుతూ ఆంపియర్ మీటరు చూడాలి. ఒక పక్కకు వాలిన సూది ఒక్కచోట నడిమికి వస్తుంది. పాయింట్లు విడిపోయాయి, పిస్టన్ పైకి చేరింది. అప్పుడు డీకంప్రెషన్ లివరు పట్టుకుని కిక్‌ను ఇంకాస్త దింపి, లివరు వదిలి, కిక్‌ను పైకి రానిచ్చి ఒక్క తన్ను. ఇది తెలిసినవాడి మోకాలికి దెబ్బ తగలదు.

ఇంగ్లిష్ కంపెనీల యాజమాన్యాలు కూడా ఇటే వచ్చాయి. జాగ్వార్‌ను 2008లో టాటా కొంది, నార్టన్ మోటార్‌సైకిళ్లను 2020లో టీవీఎస్ కొంది.

పాత బండి ఉన్నవాళ్లకు ఇప్పటి చిక్కు పెట్రోలు. 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు పాత రబ్బరు గొట్టాలను, పంపు డయాఫ్రంను, కార్బ్యురేటరు వాషర్లను పాడుచేస్తుంది. గొట్టం మెత్తబడినా, పగిలినా ఉపేక్షించకూడదు, ఇంజను వేడి మీద పెట్రోలు కారితే మంటే. ఇథనాల్‌ను తట్టుకునే గొట్టాలు దొరుకుతున్నాయి, వెంటనే మార్పించుకోండి.

2021 జులైలో కేంద్రం తెచ్చిన నిబంధనల ప్రకారం, మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటి, అసలు రూపం మారని కార్లకూ మోటార్‌సైకిళ్లకూ ‘వింటేజ్’ నంబరు వస్తుంది. రాష్ట్ర అక్షరాల పక్కన వీఏ అని ఉంటుంది. కొత్త రిజిస్ట్రేషన్‌కు 20 వేలు, గడువు పదేళ్లు. రోజువారీ తిరగడానికీ, బాడుగకూ పనికిరాదు, ప్రదర్శనలకూ ర్యాలీలకూ వాడుకోవచ్చు. 1970ల తొలి ఏళ్ల అంబాసిడర్లు, హెరాల్డ్‌లు, బుల్లెట్లు ఇప్పటికే ఆ వయసుకు చేరాయి. అటకమీద తాతగారి పాత ఆర్సీ పుస్తకం ఉంటే జాగ్రత్త చేయండి, దరఖాస్తుకు అది కావాలి.